సొంతంగా జపనీస్ నేర్చుకోవచ్చా? తెలుగు వచ్చినవాళ్ళకి సగం గ్రామర్ ముందే వచ్చు

క్లాసుకి వెళ్ళే వీలు లేదు, ట్యూటర్‌ని పెట్టుకోలేను, సొంతంగా జపనీస్ వస్తుందా, చైనా నుంచి వచ్చిన కంజీ అక్షరాలు చూస్తేనే భయమేస్తోంది, జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్ష రాయాలా వద్దా అని అడిగారు. వస్తుందండీ. నేను నేర్చుకున్నది అలాగే. టీచర్ అంటూ ఎవరూ లేరు, ఒక టెక్స్ట్‌బుక్, ఫోన్‌లో ఒకట్రెండు యాప్‌లు, చెవిలో ఎప్పుడూ ఏదో ఒక ఆడియో, అంతే. ఇప్పుడు జపనీస్‌లో వార్తలు చదువుకుంటాను, అక్కడివాళ్ళతో ఫోన్‌లో తడుముకోకుండా మాట్లాడతాను. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ విషయంలో తెలుగువాళ్ళకి ఒక పెద్ద లాభం ఉంది, అది ఎవరూ చెప్పక చాలామంది మధ్యలో వదిలేస్తున్నారు, నాకు అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

జపనీస్ ప్రపంచంలోనే కష్టమైన భాషల్లో ఒకటి అని ఎక్కడ చూసినా రాస్తారు కదా. ఆ మాట ఎక్కువగా అమెరికా విదేశాంగ శాఖ ట్రైనింగ్ సంస్థ లెక్కల నుంచి వస్తుంది. వాళ్ళ డిప్లొమాట్లకి జపనీస్ నేర్పడానికి 2200 క్లాసు గంటలు పడతాయని వాళ్ళ అంచనా, స్పానిష్ లాంటి భాషకి అందులో మూడో వంతుకి అటూ ఇటూగా సరిపోతుంది. అయితే ఆ లెక్క ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళది. వాళ్ళకి జపనీస్ వాక్యం మొత్తం తలకిందులుగా కనిపిస్తుంది. మనకి అలా కనిపించదు. కానీ మనం కూడా ఇంగ్లీషులో రాసిన పుస్తకాలు, ఇంగ్లీషు వీడియోలు పట్టుకుని నేర్చుకుంటాం కాబట్టి, వాళ్ళకున్న కష్టాలన్నీ మనకీ ఉన్నాయనుకుని మొయ్యడం మొదలుపెడతాం.

మన వాక్యం ఎలా నడుస్తుందో వాళ్ళ వాక్యమూ అలాగే నడుస్తుంది. క్రియ చివర్లో వస్తుంది. ఇంగ్లీషులో పదానికి ముందు వచ్చేవన్నీ జపనీస్‌లో మన విభక్తుల్లాగా పదం వెనక తగులుకుంటాయి, "తోక్యో నుంచి" అనాలంటే "తోక్యో కర", "తమ్ముడితో" అనాలంటే "ఒతోతొ తొ". "నిన్న కొన్న పుస్తకం" అనడానికి "కినో కత్త హొన్" అంటారు, కినో నిన్న, కత్త కొన్న, హొన్ పుస్తకం, ఒక్క మాట కూడా చోటు మారలేదు చూడండి. "రేపు వస్తా అని అన్నాడు" అన్నది "అషిత కురు తొ ఇత్త" అవుతుంది, అందులో "తొ" ఉన్నచోట మన "అని" పెట్టి చదువుకుంటే సరిపోతుంది. ప్రశ్న అడగాలంటే మనం "వచ్చాడా" అని చివర ఆ చేర్చినట్టు వాళ్ళు చివర "క" చేరుస్తారు, "కదా" అనేచోట "నె" అంటారు.

అసలు మజా తె-ఫారమ్ దగ్గరుంది. ఇంగ్లీషు పుస్తకాలు దీని గురించి పేజీలకి పేజీలు వివరిస్తాయి, మనకైతే అది చేసి, తిని, వెళ్ళి, అంతే. తబెరు అంటే తినడం, తబెతె అంటే తిని, మిరు అంటే చూడటం. ఇప్పుడు "తబెతె మిరు" అంటే తిని చూడటం, ఎలా ఉందో చూద్దామని తినడం, మనం ఏ అర్థంలో వాడతామో సరిగ్గా అదే అర్థం. "తబెతె షిమత్త" అంటే తినేశాను, మన "ఏశాను"లో పూర్తిగా అయిపోయింది అనే భావం, ఒక్కోసారి అయ్యో అయిపోయిందే అనే భావం ఎలా ఉంటాయో అవి రెండూ అందులో ఉన్నాయి. "కత్తె ఒకు" కొని ఉంచడం, "కత్తె కురు" కొనుక్కురావడం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వాళ్ళనే మాట "ఇత్తె కిమసు", అంటే వెళ్ళొస్తాను. ఇంకోటి, ఇంగ్లీషువాళ్ళు తలపట్టుకునే జంట క్రియలు, తొమరు ఆగడం, తొమెరు ఆపడం, కవరు మారడం, కయెరు మార్చడం, ఇవి మనకి పుట్టినప్పటినుంచీ ఉన్నవే.

కాబట్టి నా మొదటి సలహా, నోట్స్ తెలుగులో రాసుకోండి. టెక్స్ట్‌బుక్‌లో ప్రతి ఉదాహరణ వాక్యం కింద ఇంగ్లీషు అనువాదం ఉంటుంది, దాన్ని చెయ్యి అడ్డం పెట్టి మూసేసి, ఆ వాక్యాన్ని మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో ఎలా అంటారో రాయండి. పుస్తకాల తెలుగు వద్దు, నోటికొచ్చే తెలుగే. రెండు మూడు లెసన్లు ఇలా చేస్తే మీకే తెలుస్తుంది, వాక్యం అల్లడానికి మీరు ఆలోచించాల్సిన పని దాదాపు లేదు, మాటలు పెట్టుకుంటూ పోవడమే.

తెలుగు మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి, అవి ముందే తెలిసుంటే మంచిది. మన "లో" వాళ్ళకి రెండు. "గదిలో ఉన్నాను" అంటే "హెయ ని ఇరు", "గదిలో చదువుతున్నాను" అంటే "హెయ దె యొందె ఇరు", ఉండటానికి ని, పని చెయ్యడానికి దె. మన "ఉంది" కూడా రెండు, మనుషులకి జంతువులకి ఇరు, వస్తువులకి అరు. మనకి ఇది, అది రెండే, వాళ్ళకి మూడు, కొరె నా దగ్గరున్నది, సొరె మీ దగ్గరున్నది, అరె ఇద్దరికీ దూరంగా ఉన్నది. "ఇచ్చాడు" అనే ఒక్క మాటకి, నాకు ఇస్తే కురెరు, నేను వేరేవాళ్ళకి ఇస్తే అగెరు. వీటిల్లో ఇచ్చిపుచ్చుకునే క్రియలకే ఎక్కువ టైం పడుతుంది, ఎందుకంటే జపనీస్ క్రియలో ఎవరు చేశారన్నది ఉండదు, మన వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాను అన్నీ వాళ్ళకి ఒకటే "కిత". మాట్లాడేటప్పుడు హాయిగానే ఉంటుంది కానీ వినేటప్పుడు ఎవరి గురించి చెప్తున్నారో ఈ కురెరు, అగెరు లాంటి వాటినిబట్టే పట్టుకోవాలి.

పదం వెనక తగులుకునే వ, గ అనే రెండిటి తేడా గురించి నెట్‌లో యుద్ధాలు జరుగుతుంటాయి, మీరు అందులోకి దిగకండి. "ఏనుగుకి తొండం పొడుగు" అనడానికి "జో వ హన గ నగయి" అంటారు, జో అంటే ఏనుగు, ఏనుగు విషయానికొస్తే అనేచోట వ, పొడుగ్గా ఉన్నది ఏదో చెప్పేచోట గ. మొదట్లో ఈ మాత్రం చాలు, మిగతాది వినగా వినగా వచ్చేదే.

మర్యాద సంగతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, నువ్వు, మీరు తేడా చిన్నప్పటినుంచీ ఒంట్లో ఉంది. దెసు, మసు అని ముగిసే మాటలు మర్యాదవి, కొత్తవాళ్ళతో అవే వాడాలి. అనిమే, అంటే జపాన్ కార్టూన్లు చూసి నేర్చుకునేవాళ్ళకి ఒక్క మాట, అందులో కుర్రాళ్ళు ఒరె (నేను), ఒమయె (నువ్వు) అనుకుంటుంటారు, అవి మనం ఒరేయ్, ఏరా అనుకునే చోట వాడేవి, పరిచయం లేని మనిషితో అంటే మొహం మాడిపోతుంది.

ఇక మొదలుపెట్టడం ఎక్కడ అంటే, హిరగానాతో, అంటే మాటని పలికినట్టే రాసే లిపితో. మూల అక్షరాలు 46, తర్వాత అలాంటిదే ఇంకో లిపి కటకానా, అందులో ఇంకో 46. ఈ రెండిటినీ కలిపి కానా అంటారు. వీటి వరస చూడండి, అ ఇ ఉ ఎ ఒ, ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టుంది కదా, బౌద్ధ సన్యాసులు సంస్కృత అక్షరాలు చదువుకున్న కాలంలో మన వర్ణమాల క్రమమే అక్కడికి వెళ్ళింది. క కి కు కె కొ అని గుణింతం చదివినట్టు చదివేయొచ్చు. చివర్లో ఒక్క హల్లు ఉంటుంది, న్, అది అచ్చంగా మన సున్నా. ప బ మ ముందు మ్‌లాగా, త ద ముందు న్‌లాగా, క గ ముందు గొంతులోంచి పలుకుతుంది, మనం కంబళి, పందెం, గంగ అన్నప్పుడు ఏం చేస్తామో అదే. కాకపోతే వాళ్ళు దానికి తాళంలో ఒక పూర్తి దెబ్బంత టైం ఇస్తారు. "త్సు" పలకడం కష్టమంటారు గానీ మన చుక్క, చుట్టం, చాలు అనే మాటల్లో ఉన్న మెత్తటి చ ఉంది చూడండి, నాలుక అక్కడే పెట్టి పలికితే వచ్చేస్తుంది.

రోమన్ అక్షరాల్లో జపనీస్ చదవడం మాత్రం మొదటి వారంలోనే మానేయండి. కావాలంటే కానా వచ్చేదాకా తెలుగు అక్షరాల్లో రాసుకోండి, అది చాలా నయం, ఎందుకంటే జపనీస్‌లో హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మారితే అర్థం మారిపోతుంది. "ఒబసన్" అంటే పిన్నో అత్తో, "ఒబాసన్" అంటే అమ్మమ్మ. "కొకొ" ఇక్కడ, "కోకో" హైస్కూలు. "కితె" వచ్చి, "కిత్తె" పోస్టల్ స్టాంపు. ఇంగ్లీషులో రాస్తే ఈ తేడాలు సరిగ్గా కనపడవు, మన లిపిలో ఎ, ఏ, ఒ, ఓ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి ఉన్నదున్నట్టు కనపడతాయి.

కటకానాలో ఒక నాలుగు అక్షరాలు అందరినీ ఏడిపిస్తాయి, షి, త్సు, సొ, న్. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కంటితో చూసి గుర్తుపట్టాలంటే ఎప్పటికీ తేలదు, చేత్తో రాస్తే తేలిపోతుంది. షిలో చిన్న గీతలు రెండూ ఎడమపక్క ఒకదానికింద ఒకటి ఉంటాయి, పెద్ద గీతని కింది నుంచి పైకి లాగాలి. త్సులో చిన్న గీతలు పైన పక్కపక్కన ఉంటాయి, పెద్ద గీత పైనుంచి కిందికి వస్తుంది. న్ అన్నది షికి తమ్ముడు, ఒక్క చిన్న గీతే, పెద్దది కింది నుంచి పైకి. సొ త్సుకి తమ్ముడు, పైనుంచి కిందికి. ఒక పేజీ నిండా ఈ నాలుగూ రాయండి, మళ్ళీ తికమకపెట్టవు.

రోజూ కూర్చుంటే రెండు కానాలూ ఒకట్రెండు వారాల పని. ఆ వెంటనే ఒక టెక్స్ట్‌బుక్ పట్టుకోండి, ఒక్కటే, అది పూర్తయ్యేదాకా ఇంకోటి తెరవకండి. సొంతంగా నేర్చుకునేవాళ్ళు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, పది యాప్‌లు, ఇరవై ఛానెళ్ళు సేవ్ చేసుకుని ప్రతిచోటా మొదటి లెసనే చేస్తుంటారు. గెంకి అయితే రెండు భాగాలు, మొత్తం 23 లెసన్లు, వివరణ పుస్తకంలోనే ఉంటుంది, జవాబుల పుస్తకం మాత్రం విడిగా తీసుకోవాలి, టీచర్ లేనప్పుడు అది లేకుండా కుదరదు. మిన్న నొ నిహొంగొ అయితే 50 లెసన్లు, మెయిన్ పుస్తకం మొత్తం జపనీస్‌లోనే ఉంటుంది, అనువాదం, గ్రామర్ నోట్స్ వేరే పుస్తకం, అది తెలీక మెయిన్ పుస్తకం ఒక్కటే కొన్నవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. డబ్బు పెట్టలేకపోతే జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ఇరొదొరి ఉంది, పీడీఎఫ్‌లు, ఆడియో అన్నీ ఫ్రీ, రోజువారీ అవసరాల మీద ఉంటుంది. ఏది తీసుకున్నా పర్లేదు, పూర్తిచెయ్యడమే ముఖ్యం. గ్రామర్ మనకి తొందరగా ఎక్కుతుంది కాబట్టి లెసన్ మీద ఇంగ్లీషువాళ్ళు పెట్టేంత టైం పెట్టక్కర్లేదు, ఆ మిగిలిన టైం అంతా పదాలు, కంజీ, వినడం మీద పెట్టండి. తెలుగు ఏ మాత్రం సాయం చెయ్యనిది ఆ మూడింట్లోనే.

కంజీ భయం గురించి. జపాన్ ప్రభుత్వం రోజువారీ వాడకానికి పెట్టిన జాబితా 2010లో సవరించారు, అందులో 2136 ఉన్నాయి. వాళ్ళ పిల్లలు ప్రైమరీ స్కూల్ ఆరేళ్ళలో నేర్చుకునేవి 1026. అంటే పుట్టి పెరిగినవాళ్ళకే ఏళ్ళు పడుతుంది, మీకు నెలల్లో రాలేదని బెంగ పెట్టుకోకండి. ఇంకో మాట, అవి 2136 వేర్వేరు బొమ్మలు కావు, కొన్ని వందల ముక్కలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఉదాహరణకి నీలం అనే అర్థమున్న ఒక కంజీ ఉంది, చైనా నుంచి జపనీస్‌లోకి వచ్చిన దాని ఉచ్చారణ "సే". దానికి ఎడమపక్క నీళ్ళ గుర్తు పెడితే స్వచ్ఛం, సూర్యుడి గుర్తు పెడితే ఆకాశం తేటపడటం, మాట అనే గుర్తు పెడితే కోరడం, బియ్యం గుర్తు పెడితే సారం. ఈ నాలుగింటికీ చైనా ఉచ్చారణ "సే"నే. ఎడమ ముక్క అర్థం చెప్తుంది, కుడి ముక్క శబ్దం చెప్తుంది. అన్నీ ఇంత బుద్ధిగా ఉండవు గానీ ఇలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి, ఒకటి పట్టుకుంటే నాలుగు వస్తాయి.

కంజీని విడిగా తీసుకుని దానికున్న ఉచ్చారణలన్నీ బట్టీపట్టే పద్ధతి మాత్రం నాకు అస్సలు నచ్చదు. ఆదివారాన్ని నిచియోబి అంటారు, మూడు కంజీలు, మొదటిదీ చివరిదీ ఒకే కంజీ, మొదట నిచి అని, చివర బి అని పలుకుతారు. ఒకే మాటలో రెండు రకాలుగా! ఇలాంటిదాన్ని జాబితా పెట్టుకుని నేర్చుకోవడం అయ్యే పని కాదు, నిచియోబి అనే మాట నేర్చుకుంటే ఆ రెండు ఉచ్చారణలూ వాటంతటవే వచ్చేస్తాయి. మాట నేర్చుకోండి, వీలైతే ఆ మాట ఉన్న చిన్న వాక్యం, దాని ఆడియోతో సహా.

దీనికి నేను వాడింది అంకీ. మర్చిపోయే ముందు సరిగ్గా గుర్తుచేసే ఫ్లాష్‌కార్డ్ ప్రోగ్రామ్, ఆ పేరుకి అర్థమే జపనీస్‌లో కంఠస్థం. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఫ్రీ, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. కొత్త కార్డులు రోజుకి పది మించి పెట్టకండి, మొదటి వారం ఉత్సాహంలో యాభై పెడతారు, మూడో వారానికి రివ్యూలు కొండలా పేరుకుపోయి యాప్ తెరవాలంటేనే విసుగొస్తుంది. పది చాలు, ఏడాదికి మూడువేలు దాటుతాయి. ఒక్కరోజు కూడా మానకుండా ఉండటం ఇక్కడ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే మీరు మానినా కార్డులు మానవు.

చేత్తో కంజీ రాయాలా అని చాలామంది అడుగుతారు. మొదటి వందా రాయండి, గీతల వరస అలవాటవుతుంది, తెలియని కంజీని డిక్షనరీలో వేలితో గీసి వెతకడానికి అది కావాలి. ఆ తర్వాత టైపింగ్ సరిపోతుంది. ఫోన్‌లో జపనీస్ కీబోర్డ్ ఇప్పుడే పెట్టేసుకోండి, టైప్ చేస్తే కంజీలు అదే చూపిస్తుంది, మీరు సరైనది ఎంచుకోవాలి, ఆ ఎంచుకోవడమే మంచి ప్రాక్టీస్. పైగా దీర్ఘం తప్పు కొడితే మాట రాదు, దాంతో స్పెల్లింగ్ దానంతటదే గట్టిపడుతుంది.

చదవడానికి తదొకు కథలు వెతకండి, లెవెల్స్ వారీగా ఉంటాయి, ఫ్రీగా దొరికేవి చాలా ఉన్నాయి, కంజీల పక్కన చిన్న అక్షరాల్లో ఉచ్చారణ రాసి ఉంటుంది. వాటికి రూల్స్ ఏంటంటే, బాగా తేలికైనదానితో మొదలుపెట్టు, డిక్షనరీ చూడకు, అర్థం కాకపోతే దాటేసెయ్, నచ్చకపోతే పక్కనపెట్టి ఇంకోటి తీసుకో. బడిలో నేర్చుకున్న పద్ధతికి పూర్తి రివర్స్, కానీ పనిచేస్తుంది.

క్లాసులో దొరికి మనకి దొరకనిది ఒక్కటే, మన తప్పు చూపించే మనిషి. దాన్ని వేరే దారుల్లో తెచ్చుకోవాలి. టెక్స్ట్‌బుక్ ఆడియోలో ఒక డైలాగ్ తీసుకుని, వాళ్ళ వెనకాలే అర సెకను తేడాతో మీరూ అనండి, దాన్ని షాడోయింగ్ అంటారు, తర్వాత మీ గొంతు రికార్డ్ చేసి రెండూ పక్కపక్కన వినండి. దెబ్బలు సరిగ్గా పడుతున్నాయా, ఎక్కడ స్వరం పైకి లేచింది, ఎక్కడ దిగింది, అదే చూసుకోవాలి. తోక్యో మాటల్లో "అమె" అని మొదటి అక్షరం పైకెత్తి పలికితే వాన, రెండోది ఎత్తితే మిఠాయి. మనం ప్రతి మాటనీ ఒకే వాలులో పలికేస్తాం, కాబట్టి మనకి చెవి పెట్టాల్సిన విషయం ఇది, ఇందులో తెలుగు ఏమీ సాయం చెయ్యదు. ఇక హలోటాక్, టాండెమ్ లాంటి యాప్‌లలో ఇంగ్లీషు నేర్చుకోవాలనుకునే జపాన్ వాళ్ళు ఉంటారు, వాళ్ళకి మీరు ఇంగ్లీషు దిద్దండి, మీకు వాళ్ళు జపనీస్ దిద్దుతారు. రోజూ రెండు మూడు వాక్యాలు మీ రోజు గురించి రాసి పెట్టండి, బాగా ఓపిగ్గా దిద్దే మనుషులు దొరుకుతారు, దొరికితే వాళ్ళని వదులుకోకండి.

చివరగా జేఎల్‌పీటీ. 1984 నుంచి ఉన్న పరీక్ష, 2010 నుంచి ఐదు లెవెల్స్, ఎన్5 అన్నిటికంటే తేలిక, ఎన్1 కష్టం. జూలైలో, డిసెంబర్‌లో జరుగుతుంది, కొన్నిచోట్ల ఏడాదికి ఒకసారే. మొత్తం ఆప్షన్లు ఎంచుకోవడమే, మాట్లాడేది లేదు, రాసేది లేదు. అందుకే సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన మాట్లాడటం వచ్చినట్టు కాదు. అయినా క్లాసు లేనివాళ్ళకి డేట్ అనేది ఒకటి ఉండటం చాలా మంచిది, నేనైతే రాయమనే చెప్తాను. ఎన్5 వదిలేసి నేరుగా ఎన్4కి కట్టండి, టెక్స్ట్‌బుక్ రెండు భాగాలూ పూర్తిచేస్తే దాదాపు అక్కడికి చేరతారు. ఉద్యోగం కోసమైతే ఎక్కువచోట్ల అడిగేది ఎన్2. ఎన్4 పాసవడానికి 180కి 90 రావాలి, కానీ దాంతోపాటు వినే భాగంలో 60కి కనీసం 19 రావాలి, మొత్తం మార్కులు ఎన్ని వచ్చినా అక్కడ 19 రాకపోతే ఫెయిలే. ఇంట్లో ఒక్కరే కూర్చుని పుస్తకం చదివేవాళ్ళు దెబ్బతినేది సరిగ్గా అక్కడే, కాబట్టి పరీక్షకి ఫీజు కట్టాక వినడం మొదలుపెడదాం అనుకోకండి, మొదటి లెసన్ ఆడియో ఈరోజే పెట్టుకుని వినండి.